పిప్పిపన్ను రాకముందే పసిగట్టుట

పంటిపోటుతో వచ్చిన రోగికి లవంగనూనెలో తడిపిన దూదిని పంటిలో ఉంచి, పోటు తగ్గగానే పంపివేయుట సులభమైన పని. ఆ పన్ను ఎందుచేత పుచ్చినది, దాని ప్రక్కనున్న పన్నుకు ఆ గతి ఎప్పుడు పట్టనున్నది, ఒకే తల్లి చేతివంట తినే అన్నదమ్ములలో ఒకనికి నోటినిండా పిప్పిపళ్లుండగా రెండవవానికి ఒక్కటియు లేకపోవుటకు కారణమేమి అని వెదకుట కష్టమైన పని. ఈ పాఠములో ఆ రెండవ పనిని గురించి వివరిస్తాను. వైద్యవిద్యార్థులకు, పల్లెలలో వైద్యము చేయువారికి, ఇంటిల్లిపాది ఆరోగ్యమును కనిపెట్టుకొనియుండు తల్లులకు ఉపయోగపడవలెనని దీనిని వ్రాస్తున్నాను.

వచ్చిన రోగమును గుర్తించుట వేరు, రాబోవు రోగము ఎంత దూరములో ఉన్నదో తూచుట వేరు. మబ్బును చూచి కళ్లములోని ధాన్యమును కుప్పవేయించు రైతు చేయునది రెండవ పని. దంతవైద్యులు దీనిని దంతక్షయ అపాయపు అంచనా అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన నివేదిక ప్రకారము శాశ్వత దంతములు పుచ్చియుండి చికిత్స పొందనివారు లోకములో సుమారు 200 కోట్లమంది. ఇంతమందికీ పళ్లు పూడ్చుట ఏ దేశమునకూ సాధ్యము కాదు. ఎవరికి ముందు జాగ్రత్త అవసరమో తెలియవలెను.

ఇద్దరు రోగులను పోల్చి చూపితే విషయము తేటపడుతుంది. ఇద్దరికీ ఒక్కొక్క పన్నే పుచ్చియున్నది. మొదటివాడు నలుబది ఏండ్ల రైతు. క్రింది దవడపన్ను పైభాగమున నల్లని గుంట ఉన్నది. పది సంవత్సరములనుండి అట్లే ఉన్నదనీ, పెరగలేదనీ, మరి ఏ పన్నూ పాడుకాలేదనీ అతడు చెప్పినాడు. తాకి చూడగా ఆ గుంట అడుగు గట్టిగా, నున్నగా ఉన్నది. పూటకు పూట భోజనము, రోజుకు రెండుసార్లు టీ, అంతే. రెండవ రోగి ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయురాలు, అరువది ఏండ్లకు దగ్గరపడినది. చిగురు జారిన చోట, పంటి మొదలున, పసుపుపచ్చని మెత్తని మచ్చ ఒకటి. దానిని చూచి ఎవరైనను "చిన్నదే" అంటారు. కాని ఆమె ఆరు నెలలుగా కాళ్ల మంటలకు అమిట్రిప్టిలిన్ మాత్ర వేసుకొంటున్నది. నోరు ఎండిపోవుచున్నదని పటికబెల్లపు ముక్కను పగలంతా బుగ్గన పెట్టుకొనియుంటున్నది. రైతు నోటిలో రోగము ఆగిపోయినది. ఆమె నోటిలో మొదలైనది మాత్రమే. ఏమీ చేయకపోతే ఏడాది రెండేండ్లలో పళ్ల మొదళ్లన్నీ ఒక్కసారిగా విరుగుతాయి. గుంటల సంఖ్య ఒకటే, రాబోవు అపాయము మాత్రము ఏనుగుకూ ఎలుకకూ ఉన్నంత తేడా.

పూర్వులు చెప్పినది

సుశ్రుతసంహిత నిదానస్థానములోని పదునారవ అధ్యాయము ముఖరోగములకు సంబంధించినది. అందు అరువదియైదు ముఖరోగములను లెక్కించి, పళ్లకు వచ్చునవి ఎనిమిది అని చెప్పి, వానిలో కృమిదంతకమును వర్ణించినారు. నల్లని రంధ్రము, పన్ను కదలుట, స్రావము, వాపు, కారణము లేకుండనే పోటు హెచ్చుట దాని లక్షణములు. నేటి దంతక్షయము ముదిరిన స్థితికి ఈ వర్ణన చక్కగా సరిపోతున్నది. అయితే "కృమి" అను మాటను పట్టుకొని మన ఋషులు సూక్ష్మజీవులను చూచినారని కొందరు వ్రాస్తుంటారు. అది నాకు సమ్మతము కాదు. పంటిపురుగు అను నమ్మకము ప్రాచీనకాలమున అనేక దేశములలో ఉన్నది. సంతలలో గింజల పొగ పట్టించి పురుగులు రాల్చినామని చూపించువారు నేటికీ కనబడుతారు. ఆ పురుగులు పంటిలోనివి కావు. పూర్వులు పరిశీలించి చెప్పినదానికి ఉన్న గౌరవము చాలును, లేనిదానిని వారికి అంటగట్ట పనిలేదు.

వారి దంతధావన విధి మాత్రము మెచ్చదగినది. పండ్రెండు అంగుళముల పొడవు, చిటికెనవ్రేలంత లావు గల పుల్ల. చేదులో వేప, వగరులో చండ్ర, తీపిలో ఇప్ప, కారములో కానుగ శ్రేష్ఠమని సుశ్రుతుడు. రోజుకు రెండు వేళలని చరకుడు. భోజనానంతరము కూడ అని వాగ్భటుడు. మనము ఉదయపు పందుంపుల్లను మాత్రము పట్టుకొని, రెండవ వేళను విడిచిపెట్టినాము. దంతక్షయమునకు సంబంధించినంతవరకు విడువరానిది ఆ రెండవ వేళయే. దానికి కారణము తరువాత తెలుస్తుంది.

పన్ను ఎట్లు కరుగుతుంది?

1890లో మిల్లర్ అను శాస్త్రవేత్త నోటిలోని సూక్ష్మజీవులు పిండి, చక్కెర పదార్థములను పులియబెట్టి ఆమ్లమును పుట్టిస్తాయనీ, ఆ ఆమ్లము పంటిని కరిగిస్తుందనీ వివరించినాడు. 1924లో క్లార్క్ అను పరిశోధకుడు పుచ్చిన పళ్లనుండి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అను సూక్ష్మజీవిని వేరుచేసినాడు. తరువాత 1940ల ప్రాంతమున స్టీఫన్ అను దంతవైద్యుడు, చక్కెర నీటితో పుక్కిలించిన కొద్ది నిమిషములలోనే పంటిపాచిలో ఆమ్లత్వము హఠాత్తుగా పెరిగి, మరల మామూలు స్థితికి వచ్చుటకు అరగంటనుండి గంటవరకు పట్టునని కొలిచి చూపినాడు.

ఆమ్లత్వమును కొలుచు పి.హెచ్. అను కొలమానములో అంకె తగ్గినకొలది పులుపు పెరిగినట్లు. అది సుమారు 5.5 కంటె దిగువకు పోయినప్పుడు పంటి పైనున్న ఎనామిల్ అనే పింగాణీ పొరనుండి సున్నము, భాస్వరము కరగి బయటకు వస్తాయి. చిగురు జారి బయటపడిన పంటివేరు ఇంకను సుకుమారమైనది, దానికి 6.2 దిగువకు వచ్చినను చాలును. ఉపాధ్యాయురాలి పన్ను మొదలున పుచ్చుటకు కారణమిది.

కరగినది కరగినట్లే పోదు. లాలాజలము ఆమ్లమును కడిగి, విరిచి, తనలోని సున్నమును తిరిగి పంటికి అందిస్తుంది. ఇట్లు రోజుకు ఎన్నోసార్లు పన్ను కొంత కరగుట, కొంత కూడుకొనుట జరుగుచునే ఉంటుంది. త్రాసులో ఒక తట్టన తీపి, పాచి, సూక్ష్మజీవులు. రెండవ తట్టన లాలాజలము, ఫ్లోరైడు, శుభ్రత. అపాయమును అంచనా వేయుట అంటే ఈ త్రాసు ఎటు మొగ్గుచున్నదో చూచుటయే. రాత్రి నిద్రలో లాలాజలము ఊరుట దాదాపు ఆగిపోతుంది. కావున పడుకొనుటకు ముందు తిన్న తీపి, పగలు తిన్న తీపికంటె ఎన్నో రెట్లు హాని చేస్తుంది. చరకుని రెండవ వేళకు ఇంత విలువ ఉన్నది.

నోటిలో చూడవలసినవి

రాబోవు పిప్పిపళ్లకు అన్నిటికంటె గట్టి సాక్ష్యము గతములో వచ్చిన పిప్పిపళ్లే. ఇది ఏ పరీక్షకైనను మించిన సూచన. గడచిన మూడు సంవత్సరములలో కొత్తగా పన్ను పుచ్చినదా, పూడ్చినారా, తీసివేసినారా అని అడుగవలెను. పది ఏండ్ల క్రిందటి గుంటకు, నిరుటి గుంటకు ఒకే విలువ ఇవ్వరాదు.

ఆపై పళ్లను చూడవలెను. ఇందుకు కిటికీ వెలుతురు, చిన్న అద్దము, దూది చాలును. పాచిని మెల్లగా తుడిచి, దూదితో తడి ఆరునట్లు అద్ది, కొన్ని క్షణములు ఆగి చూడవలెను. తడిగా ఉన్నప్పుడు కనిపించని తెల్లని మచ్చలు ఆరిన తరువాత సున్నపుబొట్టువలె కనిపిస్తాయి. చిగురు అంచునే, మెరుపు లేక, గరుకుగా ఉన్న తెల్లమచ్చ రోగము నడుచుచున్నదనుటకు గుర్తు. గుంట ఇంకను పడలేదు. వెనుకకు మరలించదగిన దశ ఇదొక్కటే. నిగనిగలాడుచు గట్టిగా, గోధుమరంగులో ఉన్నది ఆగిపోయిన మచ్చ. ఇక్కడ విద్యార్థులకు ఒక హెచ్చరిక: మొనదేలిన సూదితో ఆ మచ్చలను గుచ్చి చూడరాదు. పైపొర పలుచగా నిలిచియున్న చోట గుచ్చినచో మనమే గుంట చేసినవారమగుదుము.

నల్లగొండ జిల్లా వైపు, కనిగిరి, పొదిలి ప్రాంతమున పనిచేయువారికి మరొక చిక్కు. అక్కడ నీటిలోని ఫ్లోరైడు వలన కూడ పళ్లపై తెల్లమచ్చలు వస్తాయి. వానిని దంతక్షయమని పొరబడరాదు. ఫ్లోరైడు మచ్చలు కుడి ఎడమల ఒకే తీరున, జంటపళ్లకు సమానముగా, పన్ను అంతటా పరచుకొని ఉంటాయి. దంతక్షయపు మచ్చ పాచి నిలుచు చోటనే, చిగురు అంచున చంద్రవంకవలె ఉంటుంది.

ఏ ప్రశ్న ఎట్లు అడుగవలెను?

"మీరు తీపి తింటారా?" అని అడిగితే వచ్చు జవాబు నాకు కంఠతా వచ్చును: "అబ్బే, నేను తీపి ముట్టనండి." వారు అబద్ధమాడుట లేదు. తీపి అనగానే వారి మనసులో మెదలునవి లడ్డు, జిలేబి. టీలోని చక్కెర వారి లెక్కకు రాదు. కావున నిన్నటి రోజును గడియారము ప్రకారము చెప్పించుకొనవలెను. నిద్ర లేచినది మొదలు పడుకొనువరకు నోటిలో పడిన ప్రతిదీ – ఆరింటికి కాఫీ, పదింటికి టీ, పన్నెండింటికి బిస్కట్టు, భోజనము తరువాత తీపి వక్కపొడి, నాలుగింటికి టీ, ఏడింటికి ఇంకొక టీ. ఆరుసార్లయినది. ఒక్కొక్కదానికి కనీసము అరగంట చొప్పున మూడు గంటల కాలము పళ్లు ఆమ్లములో నానినట్లు. గ్లాసుడు టీని గంటసేపు చప్పరించుచు కూర్చొనువారికి లెక్క ఇంకను పెరుగుతుంది.

ఎంత తిన్నారనుటకంటె ఎన్నిసార్లు తిన్నారనునదే ముఖ్యమని తెలిపిన పరీక్ష ఒకటి ఉన్నది. స్వీడను దేశములోని విపెహోల్మ్ అను ఆశ్రమములో 1945 తరువాత కొన్ని సంవత్సరములు జరిపి, 1954లో ప్రకటించినారు. భోజనముతో కలిపి ఇచ్చిన చక్కెర వలన పళ్లు అంతగా పుచ్చలేదు. భోజనముల నడుమ అంటుకొను మిఠాయి ఇచ్చినవారికి మిక్కిలిగా పుచ్చినవి. మానసిక వికాసము లేని అసహాయులపై, కావలెనని పళ్లు పుచ్చునట్లు ఆ పరీక్ష చేసినారు. అందలి జ్ఞానమును మనము వాడుకొంటున్నాము గాని, ఆ పద్ధతిని ఎవ్వరూ సమర్థింపరాదు.

బెల్లము, తేనె సహజములు గనుక పళ్లకు హాని చేయవని మన పాఠకులలో చాలమంది నమ్మిక. సూక్ష్మజీవికి ఆ భేదము తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెర పరిమితిని సూచించినప్పుడు తేనెను కూడ ఆ లెక్కలోనే చేర్చినది. మొత్తము ఆహారశక్తిలో పదింట ఒక వంతుకు మించరాదనీ, ఇరువదింట ఒక వంతుకు తగ్గించుట మరింత మేలనీ ఆ సూచన.

మన ఔషధములనే మనము ప్రశ్నించవలెను

ఈ పత్రిక చదువు వైద్యులు ఈ భాగమును రెండుసార్లు చదువగోరుతాను. దగ్గుకు మనము విరివిగా ఇచ్చు సితోపలాది చూర్ణమును తీసుకొండి. సితోపల అనగా పటికబెల్లము. దానికి 16 పాళ్లు, వంశలోచనము 8, పిప్పళ్లు 4, ఏలకులు 2, దాల్చినచెక్క 1; మొత్తము 31 పాళ్లలో సగముకు మించి చక్కెరయే. దానిని తేనెతో రంగరించి రాత్రి పడుకొనబోవు బిడ్డ నాలుకకు రాస్తాము. లేహ్యములు చాలవరకు చక్కెర పాకముతోనో బెల్లపు పాకముతోనో అగును. పళ్లకు అంటుకొను గుణము వానికి సహజము. ఆసవారిష్టములలో తీపికి తోడు పులుపు కూడ ఉన్నది. అల్లోపతి దగ్గు సిరపులు కూడ ఈ విషయములో మనకంటె మేలైనవేమీ కావు.

ఔషధమును మానమని చెప్పుట లేదు. వేళను మార్చుమంటున్నాను. వైద్యశాస్త్రరీత్యా రాత్రి తప్పనిసరి కాని లేహ్యమును భోజనమునకు ముందో, భోజనముతోనో ఇవ్వవచ్చును. ఇచ్చిన వెంటనే నీటితో పుక్కిలింపజేయవలెను. రాత్రి పళ్లు తోముకొన్న తరువాత నీరు తప్ప మరేదియు నోటికి పోరాదు. నెలల తరబడి తీపి ఔషధము వాడు రోగి పేరు ప్రక్కన అపాయము హెచ్చు అని వ్రాసికొనవలెను. ఉబ్బసమునకు పీల్చు మందులు వాడు పిల్లలు కూడ పీల్చిన ప్రతిసారి నోరు కడుగుకొనవలెను.

లాలాజలమును కొలుచుట

ఇంత ముఖ్యమైనదానిని మనము దాదాపు ఎన్నడూ పరీక్షింపము. విధానము కష్టమైనది కాదు. తిని, త్రాగి గంట దాటిన తరువాత రోగిని నెమ్మదిగా కూర్చుండబెట్టి, తల కొంచెము ముందుకు వంచి, మ్రింగక, నమలక, ఊరిన లాలాజలమును ఐదు నిమిషములపాటు ఒక చిన్న గిన్నెలోకి జారవిడువమనవలెను. సూది తీసివేసిన సిరంజితో కొలవవచ్చును. మామూలుగా ఒకటిన్నర మిల్లీలీటర్లు గాని, కొంచెము ఎక్కువ గాని వస్తుంది. అర మిల్లీలీటరు కంటె తక్కువ వచ్చినచో లాలాజలము బాగుగా ఎండినదని నిశ్చయము. కొలత లేకున్నను కొన్ని గుర్తులు తెలుపుతాయి: నోటి అద్దము బుగ్గకు అతుకుకొనుట, లాలాజలము నురుగుగా తీగలు సాగుట, నీరు లేనిదే అన్నము మ్రింగలేకపోవుట.

కారణములలో మొదట వెదకవలసినది మందుల సంచి. మనోవ్యాధులకు, నరముల మంటలకు, ఎలర్జీకి, మూత్రము జారీ అగుటకు ఇచ్చు మాత్రలలో అనేకము నోరు ఎండజేస్తాయి. అదుపు తప్పిన మధుమేహము మరొక కారణము. కళ్లు, నోరు రెండును ఎండి, కీళ్లు నొచ్చుచున్నచో లాలాజల గ్రంథులనే శరీరము ఎదిరించు షోగ్రెన్ వ్యాధిని తలచి పెద్ద వైద్యుల వద్దకు పంపవలెను.

పసివారి సంగతి

చంటిబిడ్డ పై పెదవిని ఎత్తి చూచుట తల్లులందరూ నేర్చుకొనవలసిన విద్య. చక్కెర కలిపిన పాలసీసాను నోట పెట్టుకొని నిద్రించు పిల్లలకు మొదట పుచ్చునవి పై ముందుపళ్లు. క్రింది ముందుపళ్లను నాలుక కప్పి, లాలాజలము తడిపి కాపాడుతుంది. పైపళ్ల చిగురు వెంట తెల్లని గీత కనిపించిన నాడే సీసా మాన్పించవలెను. "పాలపళ్లే కదా, ఊడిపోయేవే కదా" అనుమాట నేను వినని వారము లేదు. పాల దవడపళ్లు పది, పన్నెండేండ్లవరకు ఉండవలసినవి. అవి పుచ్చి చీముపట్టిన పిల్లవాడు తిండి తినలేడు, నిద్రపోలేడు, బడికి పోలేడు. పంటిపోటుతోపాటు బుగ్గగాని, దవడ క్రిందగాని వాచి, జ్వరము వచ్చినచో కాపడములు, లేపనములు పెట్టుచు కాలయాపన చేయరాదు. మ్రింగుట కష్టమైనను, నోరు తెరువలేకున్నను ఆ రాత్రియే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఆ వాపు గొంతుకు ప్రాకినచో ప్రాణాపాయము.

ఆరవ ఏట పాలపళ్ల వెనుక, ఏ పన్నూ ఊడకుండనే, కొత్తగా ఒక దవడపన్ను వస్తుంది. దానిని పాలపన్నని భ్రమించు తల్లిదండ్రులే ఎక్కువ. అది జీవితకాలము ఉండవలసిన పన్ను. పైభాగమున లోతైన గాళ్లు ఉండుటచేతను, పైకి పూర్తిగా లేచువరకు బ్రష్షు అందకపోవుటచేతను మొదటి రెండు సంవత్సరములలోనే పుచ్చు ప్రమాదము మెండు. తల్లికి పళ్లు పుచ్చియున్నచో బిడ్డకు అపాయము హెచ్చు. పిప్పిపంటి సూక్ష్మజీవులు ఎక్కువగా తల్లి లాలాజలమునుండియే బిడ్డకు సంక్రమిస్తాయి. నమిలి పెట్టుట, ఒకే చెంచా వాడుట మానవలెను. తల్లి తన పళ్లకు చికిత్స చేయించుకొనుట అంతకంటె ముఖ్యము.

ఫ్లోరైడు – మనకున్న భయము

ఫ్లోరైడు పేరు చెప్పగానే మన ప్రాంతమున భయము కలుగుటకు తగిన కారణమే ఉన్నది. 1937లోనే నాటి మద్రాసు రాష్ట్రపు తెలుగు జిల్లాలలో ఫ్లోరోసిస్ వ్యాధిని గుర్తించి ప్రకటించినారు. నల్లగొండలో వంగిన కాళ్లతో పెరిగిన తరములను మనము చూచినాము. భారతీయ ప్రమాణములు త్రాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రామును పరిమితిగా పెట్టి, వేరే నీటివసతి లేనిచోట 1.5 వరకు సహిస్తున్నవి. అంతకు మించిన నీటిని త్రాగరాదు. ఆ ఊళ్లకు మంచినీరు తెచ్చుటయే వైద్యము.

అయితే కడుపులోనికి పోయి ఎముకను చెరచు ఫ్లోరైడుకు, పంటిపైన పూసి ఉమ్మివేయు ఫ్లోరైడుకు తేడా ఉన్నది. రెండవది కరగిన పింగాణీ పొర తిరిగి కూడుకొనుటకు తోడ్పడి, కొత్త పొరను ఆమ్లమునకు లొంగకుండ చేస్తుంది. దంతక్షయ నివారణలో ఇంత గట్టి ఆధారములున్న పదార్థము మరొకటి లేదు. మూలికా పళ్లపొడులు, పేస్టులు చాలవాటిలో ఫ్లోరైడు ఉండదు. అపాయము తక్కువగా ఉన్న రైతు వేపపుల్లతో గడుపుకొనవచ్చును. ఆ ఉపాధ్యాయురాలు గడుపుకొనలేదు. ఆయుర్వేద పత్రికలో ఈ మాట వ్రాయుటకు నేను సంకోచింపను: అపాయము మధ్యస్థము, అంతకు మించియున్న ప్రతివారూ రెండు పూటలా ఫ్లోరైడు పేస్టు వాడవలెను. డబ్బాపై సుమారు 1000 పి.పి.ఎం. అని ఉన్నది చూచి కొనవలెను. మూడేండ్లలోపు బిడ్డకు బియ్యపుగింజంత, ఆరేండ్లవరకు బఠాణీగింజంత. పెద్దవారు దగ్గరుండి తోమి, ఉమ్మివేయించవలెను.

బొగ్గుపొడి, ఇటుకపొడి, కచ్చిక, ఉప్పు వంటివి పాచిని తీయును గాని, ఏండ్ల తరబడి గట్టిగా రుద్దినచో పంటి మెడను అరగదీసి వేరును బయటపెడతాయి. పొగాకు కలిసిన పళ్లపొడులను భారతప్రభుత్వము 1992లో నిషేధించినది. ఇంటిలో పొగాకు కాల్చి రుద్దుకొనువారు ఇంకను ఉన్నారు. నువ్వులనూనెతో గండూషము నోటి ఎండును కొంత ఓదారుస్తుంది. కొన్ని చిన్న పరీక్షలలో పాచిని తగ్గించినట్లు కనబడినది. నేను దానిని సాయముగానే వాడిస్తాను, తోముకొనుటకు మారుగా కాదు. లవంగనూనె పోటును మరపిస్తుందే కాని పుచ్చును ఆపదు.

తూచి వర్గీకరించుట

పైవన్నియు చూచిన తరువాత రోగిని నాలుగు తరగతులలో ఒకదాన ఉంచవలెను. మూడేండ్లుగా కొత్త గుంట లేక, తెల్లమచ్చ లేక, తీపి వేళలు తక్కువగా ఉండి, లాలాజలము బాగుగా ఉన్నవారు మొదటి తరగతి. ఏడాదికొకసారి చూచిన చాలును. గుంటలు లేకున్నను పాచి దట్టముగా ఉండుట, చిరుతిండి మాటిమాటికి తినుట, వేళ్లు బయటపడుట, పళ్లకు తీగలు కట్టించుకొనుట వంటివి ఉన్నవారు రెండవ తరగతి, ఐదారు నెలలకొకసారి. కొత్త గుంట గాని, నడుచుచున్న తెల్లమచ్చ గాని ఒక్కటి కనబడినను మూడవ తరగతి. మూడు నాలుగు నెలలకు. దానికి తోడు లాలాజలము ఎండినవారు నాలుగవ తరగతి. వీరిని మూడు నెలలు దాటి వదలరాదు. దంతవైద్యుని చేత ఫ్లోరైడు పూత వేయించవలెను.

ఈ తరగతులు జాతకచక్రములు కావు. అపాయమును లెక్కగట్టు పట్టికలు ఎన్ని వచ్చినను, ఏ పన్ను ఎప్పుడు పుచ్చునో కచ్చితముగా చెప్పగలిగినది ఒక్కటియు లేదు. రోగితో పావుగంట మాటలాడుటకు, ఏది మార్చదగినదో కనిపెట్టుటకు అవి సాధనములు.

ఉపాధ్యాయురాలి విషయములో మార్చదగినవి రెండు కనబడినవి. మాత్ర వ్రాసిన డాక్టరుగారికి ఉత్తరము వ్రాయగా ఆయన వేరొక మందుకు మార్చినారు. "అమ్మా, పటికబెల్లము బదులు గుక్కెడు నీరు దగ్గర పెట్టుకొండి" అని చెప్పినాను. ఆమెకు అది పెద్ద త్యాగముగానే తోచినది. ఏలకులు నమలుమని ఇచ్చినాను. నమలునప్పుడు లాలాజలము ఊరుతుంది. దంతవైద్యుడు మెత్తని మచ్చకు సిల్వర్ డయమీన్ ఫ్లోరైడు పూసినారు. పుచ్చును అచ్చటనే ఆపగల ఈ ద్రావణమును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర ఔషధముల పట్టికలో చేర్చినది. పూసిన చోట నల్లబడుతుంది, ముందే చెప్పవలెను. సంవత్సరము గడచిన తరువాత ఆ మచ్చ గోటికి గట్టిగా తగిలినది, కొత్తది రాలేదు.

ఒకసారి వేసిన తరగతి శాశ్వతము కాదు. కొత్త మందు మొదలుపెట్టినప్పుడు, గర్భము దాల్చి వేవిళ్లతో వాంతులగునప్పుడు, రాత్రి ఉద్యోగములో చేరి టీలతో మేలుకొనునప్పుడు, చేతులు వణకి బ్రష్షు పట్టలేని వయసు వచ్చినప్పుడు మరల తూచవలెను. అన్నిటికంటె తొందర గల సందర్భము తల, మెడ భాగమున క్యాన్సరుకు రేడియేషను చికిత్స. ఆ కిరణములు లాలాజల గ్రంథులను ఎండగొట్టును. దవడ ఎముక మానుశక్తిని తగ్గించును. తరువాత పన్ను పీకినచో గాయము మానక ఎముక కుళ్లవచ్చును. కావున అట్టి రోగి మన వద్దకు ఏ పథ్యము కొరకు వచ్చినను, చికిత్స మొదలగు తేదీని మొదట అడిగి, తీయవలసిన పన్ను ఏదైన ఉన్నచో ఆ తేదీకి కనీసము రెండు వారముల ముందే తీయించుకొనునట్లు దంతవైద్యుని వద్దకు ఆనాడే పంపవలెను.